మనుషులు, బళ్లు, బరువు: పల్లెలూ వ్యాపారులూ కలిసి అడిగే దారులు ఏ లెక్కతో కదులుతాయి?

కోతలైన పొలం నుంచి ధాన్యం వేసుకుని బయల్దేరిన ట్రాక్టరు రైస్ మిల్లు చేరేలోపు మూడు నాలుగు శాఖల ఆస్తి మీదుగా వెళ్తుంది. ఊరి నుంచి అడ్డరోడ్డు దాకా పంచాయతీరాజ్ రోడ్డు. అక్కణ్నుంచి మండల కేంద్రం దాకా రోడ్లు భవనాల శాఖది, అందరి నోటా ఆర్ అండ్ బీ. మధ్యలో గేటు పడితే అది రైల్వేది. మిల్లు హైవే పక్కనుంటే చివరి కిలోమీటరు జాతీయ రహదారి. రైతుకీ లారీ డ్రైవరుకీ ఇదంతా ఒకే దారి. ప్రభుత్వానికి నాలుగు పద్దులు, నాలుగు రకాల నిబంధనలు.

అందుకే రైతు సంఘం, మిల్లర్లు, లారీ ఓనర్లు, పాల కేంద్రం వాళ్లు ఒకే వినతిపత్రం మీద సంతకాలు పెట్టినా కొన్ని దారులకు త్వరగానే టెండర్ పడుతుంది, కొన్ని ఇరవై ఏళ్లకూ తెమలవు. నిధుల కొరత నిజమే. కానీ అడిగినవాళ్లు చూపించే లెక్క ఒకటి, ఆ శాఖ రూల్సు అడిగే లెక్క ఇంకొకటి కావడం వల్ల ఆగిపోయే దారులు చాలా ఉన్నాయి. ఒక పథకం మనుషుల్ని లెక్కపెడుతుంది. ఒక శాఖ బళ్లను లెక్కపెడుతుంది. ఇంజనీరు తారు మందం తేల్చేటప్పుడు చూసేది బరువును. మనుషుల లెక్క ఊరి దగ్గర ఉంటుంది, బరువు లెక్క వ్యాపారి దగ్గర ఉంటుంది. ఈ రెండు పక్షాలూ కలవడంలో ఉన్న అసలు బలం అది.

ముందు తేలాల్సింది: ఆ గుంత ఎవరిది

రోడ్లకు ఒక వరస ఉంది. జాతీయ రహదారి, రాష్ట్ర రహదారి, జిల్లా ప్రధాన రహదారి, ఇతర జిల్లా రోడ్డు, చివరగా గ్రామీణ రోడ్డు. జాతీయ రహదారి కేంద్రానిది. దాని కింద పై వరసలు ఎక్కువగా ఆర్ అండ్ బీ చేతిలో, అడుగు వరసలు ఎక్కువగా పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగం చేతిలో ఉంటాయి. సరిహద్దు మైలురాయి దగ్గర ఒక శాఖ ప్యాచ్ వేసి ఆపేస్తే, పది గజాల అవతల గుంతలు అలాగే ఉండిపోవడానికి కారణం ఇదే. ఆ గుంతలు ఆ శాఖ పద్దులో లేవు మరి.

వినతిపత్రం తప్పు ఆఫీసుకు వెళ్తే ఎవరూ తిరస్కరించరు. "తగు చర్య నిమిత్తం" అని పక్క ఆఫీసుకు పంపుతారు. ఆ కాగితం తిరిగేలోపు ఆ ఏటి ప్రతిపాదనల గడువు దాటిపోతుంది. రోడ్డు పేరు, ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు దాకా, ఏ శాఖ అని మూడు ముక్కలుగా రాసిన అర్జీ వేగంగా నడిచేది ఇందుకే.

గోదావరి జిల్లాల్లో పుంత, కృష్ణా గుంటూరు వైపు డొంక, తెలంగాణలో బండ్ల బాట అని పిలిచే పాత దారులది ఇంకో సంగతి. రెవెన్యూ రికార్డులో ఇవి చాలాచోట్ల ప్రభుత్వ పోరంబోకు. పటంలో ఉన్న వెడల్పు నేల మీద ఉండదు, రెండు పక్కల గట్లూ ఏటా కొంచెం కొంచెం లోపలికి జరిగి ఉంటాయి. రోడ్డు మంజూరయ్యాక సర్వేయర్ గొలుసు పట్టిన రోజున ఈ సంగతి బయటపడితే పని అక్కడే ఆగుతుంది. అడగడానికి ముందే బయటపడితే ఊళ్లో మాట్లాడుకుని తేల్చుకునే వీలుంటుంది.

మనుషుల లెక్క: పీఎంజీఎస్‌వై ఎవరిని చూస్తుంది

2000 డిసెంబర్ 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన అసలు ఉద్దేశం ఊళ్లను కలపడం. ఇందులో ప్రమాణం రెవెన్యూ గ్రామం కాదు, ఆవాసం. అంటే ఒక గ్రామానికి నాలుగు శివారు పేటలుంటే నాలుగింటినీ విడివిడిగా చూస్తారు. మైదాన ప్రాంతంలో 500 మంది, కొండ రాష్ట్రాల్లో, షెడ్యూల్డ్ గిరిజన ప్రాంతాల్లో 250 మంది అన్నది స్థూలంగా గీత. మైదానంలో, అన్ని కాలాల్లో నడిచే రోడ్డుకు అర కిలోమీటరు, అంతకంటే ఎక్కువ దూరంలో ఉన్న ఆవాసాన్నే రోడ్డు లేనిదిగా పరిగణిస్తారు.

ఒక ఉదాహరణ. మైదాన ప్రాంతంలో 310 మంది ఉన్న పేట ఒకటి, దానికి 400 మీటర్లలో 220 మంది ఉన్న ఇంకో పేట. విడివిడిగా రెండూ అనర్హం. అర కిలోమీటరు పరిధిలోని ఆవాసాల జనాభాను కలిపి చూసే వీలు ఉంది కాబట్టి, కలిపితే 530, అర్హం. రెండు పేటలూ వేర్వేరు పంచాయతీల్లో ఉండి వేర్వేరుగా అడిగితే ఈ కలయిక ఎవరి కంటా పడకుండా పోవచ్చు.

2019లో వచ్చిన మూడో దశ లెక్కను మార్చింది. కొత్తగా కలపడానికి బదులు, ఉన్న ముఖ్యమైన రోడ్లను 1,25,000 కిలోమీటర్ల మేర మెరుగుపరచడం దాని లక్ష్యం. ఏ రోడ్డును ఎంచాలన్నది ఎంతమందికి ఉపయోగమో, దాని మీద ఏ మార్కెట్లు, గోదాములు, హైస్కూళ్లు, ఆసుపత్రులు ఉన్నాయో చూసి మార్కులు వేసి తేల్చారు. వ్యాపారానికి ఈ పథకంలో చోటు దొరికింది ఇక్కడే. మార్కెట్ యార్డు, కోల్డ్ స్టోరేజీ ఉన్న రోడ్డుకు ఆ మేరకు బలం పెరిగింది.

2024 సెప్టెంబరులో ఆమోదం పొందిన నాలుగో దశ మళ్లీ మనుషుల వైపు తిరిగింది. 70,125 కోట్ల రూపాయలతో 25,000 ఆవాసాలకు 62,500 కిలోమీటర్ల రోడ్లు, 2028-29 వరకు. జనాభాకు ఆధారం 2011 జనగణన. తీవ్రవాద ప్రభావిత జిల్లాల్లో 100 మంది ఉన్నా చాలు. ఆంధ్ర, తెలంగాణ లాంటి రాష్ట్రాల్లో ఖర్చు కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లలో పంచుకుంటాయి.

ఇక్కడ రెండు వాదనలున్నాయి, రెంటిలోనూ బలముంది. సరుకు నడిచే దారికి ముందు ఖర్చుపెడితే ఆ ప్రాంత ఆదాయం పెరుగుతుంది, పన్నూ పెరుగుతుంది, ఆ డబ్బుతో మిగతా ఊళ్లనూ కలపొచ్చు అన్నది ఒకటి. మిల్లు లేని, మార్కెట్ లేని, ఓట్లు కూడా తక్కువగా ఉన్న ఊరికి సిఫారసు చేసేవాళ్లే ఉండరు, దాన్ని జనాభా గీత ఒక్కటే కాపాడుతుంది అన్నది రెండోది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో గర్భిణులను డోలీ కట్టి మోసుకొచ్చే పేటలకు ఏ చాంబర్ ఆఫ్ కామర్సూ సంతకం పెట్టదు. అత్యంత వెనుకబడిన ఆదిమ తెగల కోసం తెచ్చిన పీఎం జన్‌మన్‌లో 100 మంది ఉన్న ఆవాసానికీ రోడ్డు అనే నిబంధన పెట్టింది అందుకే. కాఫీ, పసుపు, చింతపండు కొనే వర్తకులు, గిరిజన సహకార సంస్థ ఉన్నచోట రెండు లెక్కలూ కలుస్తాయి. అన్నిచోట్లా కలవవు.

బళ్ల లెక్క: ఏ నెలలో లెక్కించారన్నదే సగం సంగతి

రోడ్డు వెడల్పు చేయాలంటే ఇంజనీర్లు చూసేది పీసీయూ. తెలుగులో కారు లెక్క అనుకోవచ్చు. రోడ్డు మీద ప్రతి బండీ ఎన్ని కార్లంత చోటు తీసుకుంటుందో ఒక అంకె ఇచ్చారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల్లో కారు, ఆటో ఒకటి. మోటారు సైకిల్ అర. లారీ, బస్సు మూడు. ట్రక్కు తగిలించిన ట్రాక్టరు నాలుగున్నర. ఎడ్లబండి ఏకంగా ఎనిమిది, ఎందుకంటే దాని వెనక అందరూ నెమ్మదించాల్సిందే. ఒక వరస రోడ్డు, అంటే 3.75 మీటర్ల తారు, రోజుకు 2,000 పీసీయూల దాకా మోస్తుంది. ఐదున్నర మీటర్లయితే 6,000. రెండు వరసలయితే 15,000.

ఒక ఊహా రోడ్డు తీసుకుందాం. ఆగస్టులో లెక్కించారు. ట్రాక్టర్లు 40, అంటే 180. లారీలు, బస్సులు 20, అంటే 60. కార్లు, ఆటోలు 260. మోటారు సైకిళ్లు 800, అంటే 400. మొత్తం 900. "ఒక వరస చాలు, సామర్థ్యంలో సగం కూడా వాడటం లేదు" అని ఫైలు మూసేస్తారు. అదే రోడ్డు డిసెంబరులో. ట్రాక్టర్లు 280, అంటే 1,260. లారీలు, బస్సులు 70, అంటే 210. కార్లు, మోటారు సైకిళ్లలో మార్పు లేదు. మొత్తం 2,130. గీత దాటింది.

రెండు లెక్కలూ నిజమే. ఆగస్టు లెక్కతో ఉన్న ఫైలును తిరిగి తెరిపించడానికి ఊరి వాళ్ల దగ్గర మాట తప్ప కాగితం ఉండదు. మిల్లు దగ్గర కాటా చీటీలుంటాయి, తేదీ, బండి నంబరు, బరువుతో సహా. కొనుగోలు కేంద్రంలో ట్రక్ షీట్లుంటాయి. మార్కెట్ కమిటీ దగ్గర సెస్సు రసీదులుంటాయి. పాల వ్యాను రోజుకెన్ని ట్రిప్పులో డెయిరీ పుస్తకంలో ఉంటుంది. ఇవన్నీ ఒక పేజీలో నెలవారీగా పెడితే, లెక్కింపు కోతల నెలలో మళ్లీ పెట్టమని అడగడానికి ఆధారం దొరుకుతుంది. రైతులూ వ్యాపారులూ కలవడం వల్ల కలిగే లాభాల్లో ఇదే అన్నిటికంటే గట్టిది, సంతకాల సంఖ్య కాదు.

బస్సు అడిగినప్పుడు లెక్క మళ్లీ మారుతుంది. ఆర్టీసీ డిపో మేనేజర్ చూసేది కిలోమీటరుకు వచ్చే ఆదాయం, ఓఆర్ అని వాళ్లు పిలిచే సీట్ల నిండుదనం. కాలేజీ వేళ, సంత రోజు, ఫ్యాక్టరీ షిఫ్టు ఈ మూడూ ఒకే టైముకు కుదిరేలా చూపించగలిగిన ఊళ్లకు ట్రిప్పు పడే అవకాశం పెరుగుతుంది.

గేటు దగ్గర లెక్క: రైళ్లు ఇంటూ బళ్లు

బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని గేట్లన్నీ 2019 జనవరి నాటికి ఎత్తేశారు. మిగిలినవి కాపలా ఉన్న గేట్లు. వాటి మీద వంతెన, అంటే ఆర్వోబీ, ఎప్పుడు కడతారన్నదానికి టీవీయూ అనే లెక్క ఉంది. రోజుకు నడిచే రైళ్లను, గేటు దాటే బళ్లతో గుణిస్తారు. లారీ, కారు, ఎడ్లబండి ఒక్కొక్క యూనిట్. ఆటో అర. మోటారు సైకిల్ పావు. లక్ష దాటితే సాధారణంగా రైల్వే, రాష్ట్రం చెరి సగం ఖర్చుతో వంతెనకు అర్హత.

రోజుకు 60 రైళ్లు నడిచే గేటు. కార్లు, లారీలు, ట్రాక్టర్లు కలిపి 900. ఆటోలు 400, అంటే 200. మోటారు సైకిళ్లు 2,400, అంటే 600. మొత్తం 1,700. అరవైతో గుణిస్తే 1,02,000. అదే గేటు మీద 55 రైళ్లే ఉంటే 93,500, గీతకు కింద. విజయవాడ, గుడివాడ, భీమవరం, నిడదవోలు మార్గంలోలా లైను డబ్లింగ్ అయ్యి రైళ్లు పెరిగినచోట, రోడ్డు మీద ఒక్క బండి పెరగకపోయినా ఈ అంకె పెరుగుతుంది. పాత లెక్కతో తిరస్కరించిన గేట్లను మళ్లీ అడగడానికి అదొక కారణం.

వంతెన మంజూరయ్యాక తరచూ జరిగేది మరొకటుంది. పట్టాల మీద భాగం రైల్వే కట్టేస్తుంది. రెండు వైపులా ఎక్కే దారి, అప్రోచ్‌లు, రాష్ట్రం వంతు. భూసేకరణ తేలక, వాటా నిధులు రాక, మధ్యలో వంతెన ముక్క ఒంటరిగా ఏళ్ల తరబడి నిలబడి ఉంటుంది. ఇక్కడ వ్యాపారుల్లోనే చీలిక వస్తుంది. మిల్లరుకు వంతెన కావాలి. గేటు దగ్గర టిఫిన్ హోటలు, ఎరువుల కొట్టు, టైర్ల షాపు వాళ్లకు అప్రోచ్ గోడ లేస్తే బేరం పోతుంది. వాళ్ల భయం ఉత్తిది కాదు, సర్వీస్ రోడ్డు ఎంత వెడల్పు వదులుతారన్న దానిమీద వాళ్ల బతుకు ఆధారపడి ఉంటుంది. మొదటి డ్రాయింగు వచ్చినప్పుడే వాళ్లను కూర్చోబెట్టుకోని ఉమ్మడి డిమాండ్ చాలాసార్లు కోర్టు స్టేతో ఆగుతుంది.

టీవీయూ తక్కువగా ఉన్నచోట గేటు మూసేసి పట్టాల కింద సబ్‌వే కడతారు. ఖర్చు తక్కువ, పని త్వరగా అయిపోతుంది, ప్రాణాలు నిలుస్తాయి. రైల్వే వైపు వాదన ఇది, కాదనలేం. రైతు వైపు ఇబ్బంది ఎత్తు దగ్గర మొదలవుతుంది. సరుకు లారీ ఎత్తు చట్టప్రకారం నాలుగు మీటర్ల దాకా ఉండొచ్చు. పరిమిత ఎత్తు సబ్‌వేలు చాలా వరకు అంతకంటే తక్కువ. గడ్డి లోడు, చెరకు లోడు, వరికోత యంత్రం ఆగిపోయి చుట్టుదారి పడతాయి. ఇక డెల్టాలో భూగర్భ జలం పైనే ఉంటుంది. వర్షాకాలం సబ్‌వే చెరువవుతుంది. మోటారు పెట్టినా కరెంటు బిల్లు రైల్వే కట్టాలా, పంచాయతీ కట్టాలా అన్నది ముందే రాసుకోకపోతే మోటారు తుప్పు పడుతుంది. గేటు మూయడానికి ముందు జిల్లా యంత్రాంగం అభిప్రాయం అడిగే దశలో ఈ మూడు ప్రశ్నలూ, ఎత్తు, నీరు, బిల్లు, కాగితం మీదికి రావడం అవసరం.

బరువు లెక్క: రోడ్డు అడిగేవాళ్లే రోడ్డును విరగ్గొడితే

ఊళ్లూ వ్యాపారులూ కలిసిన ఈ కూటమిలో నోరు విప్పి మాట్లాడుకోని విషయం ఇది. ఊరు అంటుంది: మీ లారీల వల్లే రోడ్డు పోయింది. వ్యాపారి అంటాడు: పన్ను కడుతున్నాను, రోడ్డు నాణ్యంగా వేయకపోతే నా తప్పా?

ఇంజనీరింగ్ లెక్క ఇద్దరికీ సగం సగం నిజం ఇస్తుంది. రోడ్డు డిజైన్‌కు ప్రామాణిక ఇరుసు బరువు 8.16 టన్నులు. ఇరుసు బరువు పెరిగితే నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది, అంటే బరువు రెట్టింపైతే నష్టం దాదాపు పదహారు రెట్లు. 10.2 టన్నుల ఇరుసు ఒకసారి వెళ్తే ప్రామాణిక ఇరుసు రెండున్నర సార్లు వెళ్లినంత. 2018లో కేంద్రం నాలుగు టైర్ల ఇరుసుకు చట్టబద్ధ పరిమితిని 10.2 నుంచి 11.5 టన్నులకు పెంచింది. బరువు పెరిగింది 13 శాతం, రోడ్డుకు నష్టం పెరిగింది 60 శాతం పైగా. ఓవర్‌లోడుతో 16 టన్నులు పడితే ఆ ఒక్క ఇరుసు ఒకసారి వెళ్తే ప్రామాణిక ఇరుసు దాదాపు 15 సార్లు వెళ్లినంత. మోటారు సైకిళ్లు, ఆటోలు ఎన్ని తిరిగినా ఈ లెక్కలో సున్నా కిందే లెక్క.

కాబట్టి గ్రానైట్, ఇసుక, కంకర లారీలు తిరిగే దారిని ఊరి రోడ్డు ప్రమాణంతో వేస్తే పదేళ్లకని వేసింది రెండు మూడేళ్లలో లేచిపోతుంది. డిజైన్ సమయంలో ఆ లారీల సంఖ్య చెప్పకపోతే కాంట్రాక్టర్ ఎంత నిజాయితీగా వేసినా నిలవదు. చెబితే మందం పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది, ఆ ఏటి జాబితాలో చోటు దక్కకపోవచ్చు. లారీల సంఖ్య దాచి త్వరగా రోడ్డు తెచ్చుకోవడం కంటే, చెప్పి ఒక ఏడాది ఆగడం మేలని మా అభిప్రాయం.

ఆక్వా ప్రాంతంలో ఇంకో చిక్కుంది. నల్లరేగడి మట్టి తడిస్తే బలం చాలావరకు కోల్పోతుంది. రోడ్డు మార్జిన్‌ను ఆనుకుని చెరువు తవ్వితే నీరు పక్క నుంచి పునాదిలోకి ఊరుతుంది, పైన తారు ఎంత బాగున్నా అంచులు కుంగుతాయి. ఇక్కడ లారీల బరువుతో పాటు చెరువు గట్టుకీ రోడ్డుకీ మధ్య వదలాల్సిన దూరం కూడా ఒప్పందంలో భాగం కావాలి. అది రొయ్యల రైతుల మధ్యనే తేలాల్సిన సంగతి.

గనులున్నచోట జిల్లా ఖనిజ నిధి అనే పద్దు ఉంది. 2015లో చట్టం మార్చి, గని లీజుదారు రాయల్టీ మీద అదనంగా కట్టేలా చేశారు. తాగునీరు, ఆరోగ్యం, చదువులకు పెద్ద వాటా పోయాక మిగిలిన దాంట్లో రోడ్లు, వంతెనలకు వీలుంది. నాబార్డ్ గ్రామీణ మౌలిక వసతుల నిధి, అందరూ ఆర్ఐడీఎఫ్ అనేది, 1995-96 నుంచి రాష్ట్రాలకు గ్రామీణ రోడ్లు, వంతెనలకు అప్పు ఇస్తోంది. మార్కెట్ యార్డుకు వచ్చే రోడ్డయితే యార్డు వసూలు చేసే ఫీజు లెక్క కూడా అర్జీకి బలమే.

రైలు మార్గం: మంజూరు అనే మాటకు ఎన్ని అర్థాలు

రైల్వేలో సర్వే మంజూరు వేరు, లైను మంజూరు వేరు, ఆ ఏటి కేటాయింపు వేరు. బడ్జెట్ పుస్తకంలో లైను పేరు ఎదురుగా వెయ్యి రూపాయలుంటే అది పేరు చెరిగిపోకుండా పెట్టిన అంకె మాత్రమే.

కోనసీమ సంగతి చూడండి. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో వచ్చిన లైనును యుద్ధ అవసరాలకని 1940లో పీకేశారు. 2004లో తిరిగి వేశారు. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి 57 కిలోమీటర్ల లైను 2000-01లో మంజూరైంది. ఖర్చులో రాష్ట్రం వాటా 25 శాతం. గౌతమి, వైనతేయ, వశిష్ట మూడు పాయల మీదా వంతెనలు కావాలి. అంబాజీపేట కొబ్బరి వర్తకులకూ, రైతులకూ, చదువుకునే పిల్లలకూ ఈ లైను ఒకేలా అవసరం, అందుకే డిమాండ్ దశాబ్దాలుగా చెక్కుచెదరలేదు. ఆగింది మూడు వంతెనల ఖర్చు దగ్గర, రాష్ట్ర వాటా దగ్గర, భూమి దగ్గర. నది ఒడ్డున ఆగిపోయే లైనుకు సరుకు రాదు. సరుకు లేదు కాబట్టి ఖర్చు గిట్టదన్న వాదన మళ్లీ మొదలవుతుంది.

పక్కనే తెలంగాణలో మనోహరాబాద్ నుంచి కొత్తపల్లికి 151 కిలోమీటర్ల లైను 2006-07లో మంజూరైంది. ఖర్చులో మూడో వంతు, భూమి రాష్ట్రం ఇచ్చేలా ఒప్పందం. గజ్వేల్ మీదుగా సిద్దిపేటకు 2023 అక్టోబరు 3న రైలు వచ్చింది. సిద్దిపేట దాకా నేల మైదానం, పెద్ద నదుల్లేవు, ఆ ప్రాంత నాయకత్వం అప్పట్లో అధికారంలో బలంగా ఉండేది. ఈ కారణాల్ని పక్కనపెట్టి రెండు చోట్ల జనం పట్టుదలను పోల్చడం కోనసీమకు అన్యాయం.

కొత్త లైనుతో పని లేకుండా ఉన్న లైను మీద సర్వీసు అడగడం వేరే దారి. దేశంలో మొదటి కిసాన్ రైలు 2020 ఆగస్టు 7న దేవలాలి నుంచి దానాపూర్‌కు నడిచింది. సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీ ఆదర్శ్‌నగర్‌కు పండ్లతో వెళ్లింది దక్షిణాదిలో మొదటిది. కనీసం ఇంత సరుకు ఉండాలన్న గీత లేకపోవడం, కిరాయిలో అప్పట్లో ఇచ్చిన 50 శాతం రాయితీ, ఈ రెండూ చిన్న తోటల రైతును బండెక్కించాయి. ఇలాంటి డిమాండ్లకు రైల్వేలోనే ఒక గుమ్మం ఉంది, రైలు వినియోగదారుల సలహా సంఘాలు: డివిజన్ స్థాయిలో డీఆర్‌యూసీసీ, జోన్ స్థాయిలో జెడ్‌ఆర్‌యూసీసీ. వర్తక సంఘాలకు, రైతు సంఘాలకు, ప్రయాణికుల సంఘాలకు ఇందులో సభ్యత్వం ఉంటుంది. హాల్ట్, పార్సిల్ ఆఫీసు, ప్లాట్‌ఫారం ఎత్తు లాంటి చిన్న పనులు ఇక్కడ ఎజెండాలోకి ఎక్కుతాయి. కొత్త లైన్లు ఇక్కడ తేలవు.

భూమి, ఆ తర్వాత ఆరో ఏడు

పీఎంజీఎస్‌వై భూమికి డబ్బివ్వదు. భూమి చూపించే బాధ్యత రాష్ట్రానిది, ఆచరణలో ఊరిది. ఎక్కువ రోడ్లకు దాతలే దిక్కు. వ్యాపార అవసరానికి వెడల్పు పెంచేటప్పుడు ఇదే పద్ధతి అడగడం న్యాయం కాదన్నది చిన్న రైతుల మాట. 2013 భూసేకరణ చట్టం ప్రకారం గ్రామీణ ప్రాంతంలో మార్కెట్ విలువను ఒకటి నుంచి రెండు మధ్య గుణకంతో హెచ్చిస్తారు, దానిమీద మరో నూరు శాతం పరిహారం కలుపుతారు. ఎకరం 20 లక్షలు, గుణకం 1.25 అనుకుంటే 25 లక్షలు, దానికి మరో 25 కలిపి 50 లక్షలు. పొలం ముందు అర మీటరు పోయే రైతుకూ, మిల్లు ముందు రెండు వరసల రోడ్డు వచ్చే యజమానికీ లాభనష్టాలు ఒకటి కావు. ఈ తేడాను డబ్బు రూపంలోనో, పక్క భూమి రూపంలోనో పూడ్చుకున్న చోట సర్వే సాఫీగా సాగుతుంది.

పీఎంజీఎస్‌వై రోడ్డు పడ్డాక ఐదేళ్లు నిర్వహణ కాంట్రాక్టర్‌దే, అది అగ్రిమెంటులో ఉంటుంది, పని చోట బోర్డు మీద తేదీలతో సహా రాసి ఉంటుంది. మార్జిన్లు నింపడం, తూములు శుభ్రం చేయడం, గుంతలు పూడ్చడం అందులోకే వస్తాయి. ఐదో ఏడు చివర్లో ఉమ్మడి తనిఖీ అడిగిన ఊళ్లకు మరమ్మతు చేసిన రోడ్డు చేతికి వస్తుంది. అడగనిచోట కాంట్రాక్టర్ డిపాజిట్ వెనక్కి తీసుకుని వెళ్లిపోతాడు. ఆరో ఏడు నుంచి ఆ రోడ్డు రాష్ట్రం సాధారణ నిర్వహణ పద్దులోకి వెళ్తుంది. ఆ పద్దు రోడ్ల పేర్లతో ఉండదు, మొత్తం మీద ఒకే అంకెగా ఉంటుంది. అందులో మన దారికి ఎంత వస్తుందన్నది డివిజన్ ఇంజనీరు ఆఫీసులో ఏటా తయారయ్యే పనుల జాబితాలో తేలుతుంది. కాటా చీటీలతో మళ్లీ పని పడేది ఆ జాబితా రాసే నెలలోనే.